తాంబూలం దాకా వచ్చిన పరుగు

కోనసీమలో పూలలంక అనే ఊళ్ళో, ఎవరేమడిగినా "అలాగేనండి" అనడమే తప్ప "కుదరదండి" అనడం చేతకాని సత్యానందం అనే దర్జీ ఉండేవాడు.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకే ముహూర్తానికి ఊళ్ళో సగంమంది జాకెట్లు ఒప్పుకునేవాడు. ఆ రోజు పొద్దున్నే కొట్టు ముందు ఆడవాళ్ళంతా చేరేవారు. కొందరికి జాకెట్టు దొరికేది. కొందరికి చేతులు అతకని జాకెట్టు దొరికేది. కొందరికి ఇచ్చిన గుడ్డ ఇచ్చినట్టే తిరిగొచ్చేది. "అవదని ముందే చెప్పుంటే ఇంకోచోట ఇచ్చుకునేదాన్ని కదయ్యా!" అని వాళ్ళు తిట్టిపోసేవారు. సత్యానందం తల వంచుకుని అన్నీ వినేవాడు. వారం తిరక్కుండా ఆ తిట్టినావిడే వచ్చి "ఇది రేపటికి కావాలి" అంటే, మళ్ళీ "అలాగేనండి" అనేవాడు.

కాదంటే ఎదుటి మనిషి మొహం చిన్నబోతుందని అతని భయం. ఆ మొహం చూడలేక అప్పటికి ఔననేసేవాడు. తిట్లు ఎప్పుడో వస్తాయి కదా, అప్పుడు చూసుకుందాం అనుకునేవాడు. "మీ తల నిలువుగా ఊగడమే కానీ అడ్డంగా ఊగదేంటండీ?" అని భార్య రత్నం విసుక్కునేది. దానికి కూడా అతను నిలువుగానే తలూపేవాడు.

జాకెట్ల గొడవ జాకెట్లతో పోయేదే. కానీ ఒకసారి ఆ "అలాగే" ఇంటి మీదికే వచ్చింది.

సత్యానందానికి వీరవేణి అని ఒక అక్క ఉండేది. కాలవకి అవతలి గట్టున కొత్తపాలెంలో ఆవిడ కాపురం. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. అందుకని ఆవిడంటే అతనికి ఎక్కడలేని గౌరవం. ఆవిడ కొడుకు ప్రసాదు రొయ్యల చెరువుల దగ్గర పని చేసుకునే బుద్ధిమంతుడు. ఒకనాడు ఆవిడ వచ్చి, "ఒరే తమ్ముడూ, మన హైమని మా ప్రసాదుకి చేసుకుంటానురా. మేనరికం ఉండగా బయటిపిల్లని వెతుక్కోడమెందుకు? ఏమంటావు?" అంది.

"అలాగే అక్కా" అన్నాడు సత్యానందం.

హైమ అతని ఒక్కగానొక్క కూతురు. ఇంటరు మంచి మార్కులతో పూర్తి చేసింది. కాకినాడలో నర్సింగు చదవాలని దాని కోరిక. ఆ సాయంత్రం తండ్రి దగ్గరికొచ్చి కూర్చుంది. "నాన్నా, ప్రసాదు బావ మంచోడే. నాకే ఇప్పుడు పెళ్ళి వద్దు. నేను చదువుకోవాలి. అమ్మ చెప్పినా నేను చెప్పినా అత్త వినదు. నువ్వు ఒక్క మాట చెప్పవా?" అని బతిమాలింది.

"అలాగేనమ్మా" అన్నాడు సత్యానందం.

ఇద్దరికీ ఔనన్నాడు కాబట్టి ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. అతనొక్కడికే నిద్ర పట్టేది కాదు. రేపు చెబుదాం, పండగ వెళ్ళాక చెబుదాం అనుకుంటూ నెలలు దొర్లించాడు. ఈలోగా హైమకి కాకినాడలో సీటు రానే వచ్చింది.

దసరా వెళ్ళాక ఒకరోజు హైస్కూలు డ్రిల్లు మాస్టారు కామేశంగారు కొట్టుకొచ్చారు. ఊళ్ళో కుర్రాళ్ళంతా కలిసి కాలవగట్టు పరుగు పెడుతున్నారు. హైస్కూలు దగ్గర బయల్దేరి, ఇవతలి గట్టున పోయి, వంతెన దాటి, అవతలి గట్టున వెనక్కొచ్చి, ఊరి దగ్గర మళ్ళీ కాలవ దాటి హైస్కూలు చేరాలి. అంతా కలిపి ఇరవై కిలోమీటర్లు.

"మన బజారు వీధి నుంచి ఒక్కరూ లేరు సత్యానందం. నీ పేరు వేసేస్తున్నాను" అన్నారు మాస్టారు.

"అలాగేనండి" అన్నాడు సత్యానందం, సూదిలోకి దారం ఎక్కిస్తూ. మాస్టారు గుమ్మం దిగి వెళ్ళిపోతుంటే అప్పుడు అనుమానం వచ్చింది. నాలుగంగల్లో పరిగెత్తి వెళ్ళి, "ఇంతకీ దేనికండీ నా పేరు?" అని అడిగాడు.

"పరుగుకయ్యా!" అన్నారు మాస్టారు.

పదేళ్ళలో అతను పరిగెత్తినది ఆ నాలుగంగలే. సంగతి విని రత్నం నోరు నొక్కుకుంది. "మీరా! బస్సు కదిలిపోతున్నా నడిచే వచ్చే మనిషి! ఇరవై కిలోమీటర్లా!" అంది.

"మాస్టారు అడిగారు రత్నం."

"అడిగితే? కాలవలో దూకమంటే దూకేస్తారా?"

కాస్త మర్యాదగా అడిగితే దూకేవాడేమో, ఎవరు చూడొచ్చారు?

రోజూ తెల్లారి కొంచెం కొంచెం పరిగెత్తి ఒళ్ళు అలవాటు చెయ్యమని మాస్టారు మరీ మరీ చెప్పారు. దానికీ అలాగేనన్నాడు. కానీ రోజూ తెల్లారేసరికి "ఈ ఒక్కటీ కుట్టిపెట్టు బాబూ" అని ఎవరో ఒకరు గుమ్మంలో ఉండేవారు. వాళ్ళని కాదనలేక మిషను ముందు కూర్చునేవాడు. అలా ఒక్క పొద్దున్న కూడా గట్టెక్కకుండానే పరుగు దగ్గరికొచ్చేసింది.

పరుగు ఆదివారం అనగా, గురువారం నాడు వీరవేణి మళ్ళీ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మీ పరుగు మా గుమ్మం ముందునుంచే పోతుందటగా! ఆదివారం పొద్దున్న దివ్యమైన ముహూర్తం ఉందన్నారు పంతులుగారు. మనలో మనకి సభలూ పందిళ్ళూ ఎందుకురా? ఆయన్ని మా అరుగు మీద కూర్చోబెడతాను. నువ్వు అటు పోతూ పోతూ నా చేతి తాంబూలం అందుకో. మాట ఖాయమైపోతుంది. మిగతావన్నీ తీరిగ్గా చూసుకుందాం" అంది.

తాంబూలం పుచ్చుకున్నాక వెనక్కి పోవడమన్నది ఆ ఇళ్ళల్లో లేదు. అది పెద్దలు ఇచ్చిన మాట. ఇప్పుడైనా చెప్పేద్దామని సత్యానందం నోరు తెరిచాడు. అక్క మొహంలోకి చూశాడు.

"అలాగే అక్కా" అన్నాడు.

తలుపు వెనక నిలబడ్డ హైమ ఆ మాట విన్నది. సోమవారం అది కాలేజీలో చేరాలి. ఏడవలేదు, అరవలేదు. బట్టలు సర్దుకున్న పెట్టెని మంచం కిందికి తోసేసి, వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. రత్నం ఆ రోజు నుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, అంతే.

ఆదివారం తెల్లారింది. సత్యానందం పరుగు కోసం తన నిక్కరు తనే కుట్టుకున్నాడు. అందరివీ ఆలస్యం చేసేవాడు తనది మాత్రం ముందెలా కుడతాడు? బయల్దేరే వేళకి ఒక జేబు ఇంకా బయటే వేలాడుతోంది. అలాగే వెళ్ళి కుర్రాళ్ళ వెనకాల నిలబడ్డాడు. కామేశం మాస్టారు దగ్గరికొచ్చి, "మొదట్లో మెల్లగా వెళ్ళు. దారిలో కాసిని నీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోకు" అని చెవిలో చెప్పారు.

"అలాగేనండి" అన్నాడు సత్యానందం.

ఈల మోగింది. అందరూ పరిగెత్తారు. సత్యానందమూ పరిగెత్తాడు. చల్లటి గాలి, మంచు పట్టిన గట్టు, రెండువైపులా కొబ్బరిచెట్లు. అబ్బే, ఇదేమంత కష్టం అనుకున్నాడు. మొదటి పేట వచ్చేదాకా అలాగే అనుకున్నాడు.

కోనసీమ మర్యాద సంగతి మీకు తెలియంది కాదు. గుమ్మం ముందు నుంచి మనిషి ఉత్తినే వెళ్ళిపోతే వాళ్ళకి ముద్ద దిగదు. ఇక ఊరు ఊరంతా పరిగెడుతూ పోతోందంటే ఊరుకుంటారా? గట్టు పొడుగునా జనం పళ్ళేలతో, గ్లాసులతో నిలబడ్డారు. కుర్రాళ్ళు నవ్వి చెయ్యి ఊపి దాటిపోయారు. సత్యానందం దగ్గరికి వచ్చేసరికి హోటలు వెంకన్న అడ్డం నిలబడ్డాడు.

"ఖాళీ కడుపుతో పరుగేంటండీ సత్యానందంగారూ! వేడివేడిగా ఒక్క పెసరట్టండీ. ఒక్కటంటే ఒక్కటి!"

"అలాగేనండి."

పెసరట్టులో ఉప్మా ఉంది. తిని రెండు ఫర్లాంగులు పోయేసరికి మరొకాయన కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. తాగాక, లేతకొబ్బరి కూడా గీరి చేతిలో పెట్టాడు. ఆ పక్క సందులో ఒకావిడ బొబ్బట్టు పట్టుకుని, "పోయిన నెల జాకెట్టు మీరు ఆలస్యం చేసినా నేనేమీ అనుకోలేదండీ, ఇది మాత్రం తినాల్సిందే" అంది. అంత పెద్ద మనసుకి వద్దని ఎలా అంటాడు? నెయ్యి కారుతున్న బొబ్బట్టు తిన్నాడు. అక్కణ్ణించి అరటిపళ్ళు. అక్కణ్ణించి టీ. కొలత తీసి కుట్టుకున్న నిక్కరు నడుం దగ్గర బిగుసుకుపోయింది. పరుగు నడకయ్యింది. నడక ఈడ్పు అయ్యింది. కుర్రాళ్ళు కనుచూపు మేరలో లేరు.

అప్పుడు భీమశంకరంగారు ఎదురయ్యారు. పెద్దాయన. సత్యానందం తండ్రికి స్నేహితుడు. కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టి, "జీడిపప్పు పాకం. మీ పిన్ని స్వయంగా చేసింది. నువ్వంటే దానికి అభిమానం" అన్నారు.

"అలాగే బాబాయిగారూ" అని పొట్లం తీసుకున్నాడు సత్యానందం. ఆ మాట అనడానికే కడుపులోంచి త్రేన్పు అడ్డం వచ్చింది. గట్టు మలుపు తిరిగాడు. ముందూ వెనకా చూశాడు. పొట్లాన్ని కాలవలోకి గిరాటేశాడు.

వెనక సైకిలు బెల్లు మోగింది.

తిరిగి చూస్తే భీమశంకరంగారు. సైకిలు హ్యాండిలుకి నీళ్ళ సీసా వేలాడుతోంది. పాకం తింటే దాహమేస్తుందని పెద్దాయన వెనకాలే నీళ్ళు పట్టుకొచ్చారు. కాలవలో పొట్లం ఇంకా మునగలేదు. ఇద్దరూ దాన్నే చూశారు.

"వద్దంటే సరిపోయేది కదయ్యా" అన్నారాయన నెమ్మదిగా. "చీకటితో లేచి చేసింది. ఇంట్లో పిల్లలకైనా పెట్టుకునేవాళ్ళం."

నీళ్ళ సీసా అతని చేతికిచ్చి, సైకిలు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు. సత్యానందానికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోకూడదనే కదా ఇన్నాళ్ళూ అందరికీ ఔనంటూ వచ్చాడు! ఆ ఔను వల్లే చిన్నబోయిన మొహాన్ని ఇంత దగ్గరగా చూడటం అతనికి అదే మొదలు. తిట్టినా బాగుండేది.

నాలుగడుగులు వేశాడో లేదో కడుపు తిరిగింది. గట్టు పక్కన తుప్పల్లో కూలబడి, పెసరట్టు మొదలుకుని టీ దాకా అంతా కక్కేశాడు. పక్కలో పోటు. పిక్కలు రాళ్ళలా బిగుసుకున్నాయి. కళ్ళ ముందు పసుపుపచ్చ చుక్కలు. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఇంకెవరికి ఔనన్నానో, వాళ్ళందరి మొహాలూ ఎలా ఉండబోతున్నాయో ఆలోచించాడు. అక్క మొహం తలుచుకున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్న కూతురు గుర్తొచ్చింది. దాని మొహమైతే అతను చూడనే లేదు. భయపడి చూడలేదు.

లేచి కుంటుకుంటూ వంతెన దగ్గరికి చేరాడు. అక్కడ పాపాయమ్మ అనే ముసలావిడ మజ్జిగ కుండ పెట్టుకుని కూర్చుంది. "రా నాయనా! అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. ఒక్క గ్లాసు తాగు" అని చెయ్యి చాచింది.

అలవాటు కొద్దీ సత్యానందం చెయ్యి కూడా ముందుకు పోయింది. సగంలో ఆగింది. కడుపులో ఇంకా తిప్పుతోంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"వ... వద్దమ్మా" అన్నాడు.

జన్మలో మొదటిసారి అన్నాడు. ఇంక ఆకాశం విరిగి మీద పడుతుందని చూశాడు. ఏమీ పడలేదు. కళ్ళు తెరిచేసరికి పాపాయమ్మ ఆ గ్లాసు పక్కన కూర్చున్న కావిడివాడికి ఇచ్చి, ఇంకో గ్లాసు కడుక్కుంటోంది.

"అంతేనా?" అన్నాడు సత్యానందం.

"అంతేనా ఏంటి?"

"నీకు కోపం రాలేదా అమ్మా? మొహం... మనసు కష్టపెట్టుకోలేదా?"

పాపాయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఎండ తగిలిందేంటి నాయనా నీకు? నీకొద్దు, ఇంకొకరికి కావాలి. వద్దన్నవాడితో పేచీ ఏముంది? తాగుతానని తీసుకుని పారబోసేవాడు కనబడితే మాత్రం గ్లాసుతో కొడతాను!" అంది.

సత్యానందం వంతెన మీద నిలబడి ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వుకి పక్కలో పోటు ఇంకా ఎక్కువయ్యింది. అయినా నవ్వాడు. ఇంత చిన్న మాటకా నేను నలభై ఏళ్ళు భయపడ్డాను అనుకున్నాడు. మళ్ళీ కొత్తపాలెం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మజ్జిగ వద్దనడం వేరు. అక్కని కాదనడం వేరు.

అవతలి గట్టున దారి ఎప్పటికీ తెమలలేదు. కాస్త పరిగెత్తాడు, కాస్త నడిచాడు. దారిలో ఇద్దరు ముగ్గురు పళ్ళేలు చూపించారు. "వద్దండి, కడుపు బాగాలేదు. మీరు పెట్టారు, అదే చాలు" అన్నాడు. వాళ్ళు "అయ్యో, జాగ్రత్తండీ" అన్నారు. ఒకాయనైతే భుజం పట్టుకుని కొంతదూరం నడిపించాడు. చెప్పిన కొద్దీ ఆ మాట నోటికి కాస్త అలవాటు పడింది. అయినా కొత్తపాలెం పెంకుటిళ్ళు కనబడగానే అడుగు నెమ్మదించింది.

వీరవేణి గుమ్మంలోనే ఉంది. పట్టుచీర కట్టుకుంది. అరుగు మీద పంతులుగారు పంచాంగం పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ చేతిలో ఇత్తడి పళ్ళెం. అందులో తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు, కొబ్బరికాయ, పక్కన సున్నుండలు.

"వచ్చాడండీ పంతులుగారూ, మా తమ్ముడు వచ్చాడు! అయ్యో, ఏంట్రా ఇలా వాడిపోయావు? ముందు సున్నుండ తిని నోరు తీపి చేసుకో!"

"వద్దక్కా" అన్నాడు సత్యానందం.

"సరేలే, తర్వాత తిందువు గాని. ముహూర్తం దాటకుండా తాంబూలం అందుకో."

పళ్ళెం ముందుకొచ్చింది. పొద్దుటి నుంచి చాచినవన్నీ అందుకున్న చేతులు. సత్యానందం ఆ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాడు.

"అదీ వద్దక్కా" అన్నాడు.

పంతులుగారు పంచాంగంలోంచి తలెత్తారు. వీరవేణికి ముందు అర్థం కాలేదు. "ఏంట్రా?" అంది.

"హైమకి ఇప్పుడు పెళ్ళి వద్దక్కా. అది రేపు కాకినాడ వెళ్ళి చదువుకుంటుంది."

"మరి నువ్వు అలాగేనన్నావు కదరా!"

"అన్నానక్కా. నీకు అలాగేనన్నాను. నీకు చెప్పి మాన్పిస్తానని దానికీ అలాగేనన్నాను. ఇద్దరికీ ఔనన్నానంటే ఇద్దరికీ అబద్ధం చెప్పినట్టే. తప్పు నాది. ప్రసాదుది కాదు, హైమది కాదు, నీది అసలే కాదు."

వీరవేణి మొహం చిన్నబోయింది. అతను నలభై ఏళ్ళుగా భయపడ్డది దానికే. ఈసారి అతను తల వంచుకోలేదు. చూస్తూ నిలబడ్డాడు. అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అమ్మ పోయాక నిన్ను ఈ చేతులతో పెంచాను. నా గుమ్మంలో, పంతులుగారి ముందు, నాకీ మాట చెబుతావా?" అంది ఆవిడ.

"నువ్వు పెంచావు కాబట్టే నీకింక అబద్ధం చెప్పలేనక్కా."

ఆవిడ పళ్ళెం అరుగు మీద పెట్టేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. గిర్రున తిరిగి లోపలికి వెళ్ళింది. సత్యానందం కదల్లేదు. పంతులుగారు ఒక వక్కముక్క నోట్లో వేసుకుని, అది నమిలే ధైర్యం లేక అలాగే ఉండిపోయారు. కాసేపటికి వీరవేణి మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ చేతిలో నీళ్ళ చెంబు ఉంది.

"వెధవా!" అంది. "ఈ ముక్క చెప్పడానికి ఇన్ని నెలలా? నీ మాట నమ్ముకుని మంచి సంబంధాలు రెండు వెనక్కి పంపానురా! మొదటి రోజే కుదరదక్కా అనుంటే ఆ రోజే ఏడిచి ఊరుకునేదాన్ని. ఈపాటికి మా ప్రసాదు పెళ్ళి కూడా అయిపోయేది!"

"కోపం వచ్చిందా అక్కా?"

"రాక? చాలా వచ్చింది. వచ్చే వారం మీ ఇంటికొచ్చి రోజంతా కూర్చుని తిడతాను. ముందు ఈ నీళ్ళతో మొహం కడుక్కుని, మొదలెట్టిన పరుగు పూర్తి చెయ్యి. దారికి అడ్డం నిలబడకు." అంటూనే తమ్ముడి నెత్తి మీద ఆ నీళ్ళు తనే పోసింది. తర్వాత పంతులుగారి వైపు తిరిగి, "మీరు వక్క నమలండి బాబూ, మీ ఫలహారం ఎక్కడికీ పోదు" అంది.

సత్యానందం కదిలాడు. గుండెల మీంచి పెద్ద బండ దిగిపోయింది. కాళ్ళ నొప్పులు మాత్రం ఎక్కడికీ పోలేదు, నిజం చెప్పాలంటే పెరిగాయి. బూటు కరిచిన మడమ మండిపోతోంది. కానీ ఇప్పుడు ఆ నొప్పి ఒక్కటే ఉంది. దాన్ని మోయడం అంత కష్టమనిపించలేదు. మెల్లగా పరిగెత్తుతూ, ఊపిరి అందనప్పుడు నడుస్తూ పోయాడు. అలసినవాళ్ళని ఎక్కించుకునే వ్యాను పక్కకొచ్చి ఆగింది. "ఎక్కెయ్యండి సత్యానందంగారూ, అందరూ చేరిపోయారు" అన్నాడు డ్రైవరు.

"వద్దు బాబూ, నేను మెల్లగా వచ్చేస్తాను."

"మీ ఇష్టమండీ" అని డ్రైవరు వెళ్ళిపోయాడు.

హైస్కూలు చేరేసరికి షామియానా విప్పేస్తున్నారు. కుర్రాళ్ళు స్నానాలు చేసి, భోజనాలకి కూడా వెళ్ళిపోయారు. గేటు దగ్గర కామేశం మాస్టారు, రత్నం, హైమ మాత్రం ఉన్నారు. అందరికంటే ఆఖరున సత్యానందం సున్నపు గీత దాటాడు. మాస్టారు ఒక్కరే చప్పట్లు కొట్టారు.

హైమ చప్పట్లు కొట్టలేదు. తండ్రి నుదుటి వైపు చూసింది. బొట్టు లేదు. చేతుల వైపు చూసింది. పసుపు అంటిన గుర్తు లేదు. అడగాలంటే దానికి భయమేసింది. చివరికి, "నాన్నా... అత్త తాంబూలం?" అంది.

"పుచ్చుకోలేదమ్మా. వద్దని చెప్పాను."

హైమ అక్కడే ఇసుకలో కూర్చుండిపోయింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని, గురువారం నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. రత్నం మొగుడి దగ్గరికొచ్చి, "ఇంటికి పదండి, కాపడానికి వేడినీళ్ళు పెడతాను" అంది. మూడు రోజుల తర్వాత ఆవిడ మొగుడితో అన్న మొదటి మాట అది. సత్యానందానికి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

"నాన్నా, రేపు నాతో కాకినాడ వస్తావా?" అని అడిగింది హైమ, కళ్ళు తుడుచుకుంటూ.

సత్యానందం తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "రాలేనమ్మా. రేపు మంచం దిగగలనో లేదో" అన్నాడు. కూతురు ఏమీ అనుకోలేదు. పకపకా నవ్వి, ఒక పక్క తాను, ఒక పక్క తల్లి పట్టుకుని అతన్ని ఇంటికి నడిపించుకుపోయారు. మర్నాడు తల్లితో కలిసి బస్సెక్కి వెళ్ళి కాలేజీలో చేరింది. చెప్పినట్టే వీరవేణి ఆ పై వారం వచ్చింది, తిట్టింది, అన్నం తింది, మేనకోడలికి పంపమని డబ్బానిండా సున్నుండలు ఇచ్చి వెళ్ళింది.

పిల్లలూ, ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకుంటుందని మనసులో లేని ఔను చెప్పకండి. ఆ ఔను ముందు వాళ్ళని మోసం చేస్తుంది, తర్వాత మనల్ని ముంచుతుంది. చేయలేనిదాన్ని చేయలేనని మొదటే మర్యాదగా చెప్పడమే ఎదుటి మనిషికి మనమిచ్చే నిజమైన గౌరవం.